సగం జొన్నలు తెచ్చిన తండ్రి

సువార్త సేవలోకి కొత్తగా వచ్చిన ఆడపిల్లలు నన్ను చూడడానికి వచ్చినప్పుడు మొదట పాటల గురించి అడుగుతారు. ఏ పాట పాడితే వాకిట్లో జనం చేరతారు, ఏ కథ చెబితే పిల్లలు కదలకుండా కూర్చుంటారు అని. అసలు సంగతి పోయే ముందు, చెప్పులు వేసుకుంటూ బయటపెడతారు. "అక్కా, మా సంఘంలో ఆలుమగలు విడిపోయారు. బిడ్డ తల్లి దగ్గరుంది. ఇస్తానన్నది ఇవ్వలేకపోతున్నాను, మార్చండని తండ్రి అడుగుతున్నాడు. పెద్దలు ఒప్పుకోవడం లేదు. నేను ఎవరి వైపు నిలబడాలి?"

బిడ్డ వైపు, అంటాను. చెప్పడం తేలికే. బిడ్డ వైపు ఏదో కనిపెట్టడమే కష్టం. నాకు అది నేర్పింది ఒక జీతగాడు, అతని భార్య. వాళ్ళ సంగతి రాసి పెడితే మీలో ఎవరికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నిజాం పాలన చివరి రోజులు. యుద్ధం నడుస్తోంది. నేను కల్వకుర్తి అవతలి పల్లెల్లో బోధకురాలిని. చిన్న వయసులోనే భర్త పోతే, నాకు అక్షరాలు నేర్పి, వాక్యం చేతికిచ్చి, ఈ పనిలో పెట్టింది సంఘమే. తెల్లవారగానే మోకాళ్ళూని ప్రార్థన చేసుకుని బయల్దేరితే వాడ వాడా తిరిగేదాన్ని. పాడేదాన్ని, చదివి వినిపించేదాన్ని, బాలింతలకు నీళ్ళు కాచి పోసేదాన్ని. దేవుడు నా పక్కన నడుస్తున్నాడని అప్పుడెంత నమ్మానో ఇప్పుడూ అంతే నమ్ముతున్నాను. నమ్మకం తప్పినవి నా మోకాళ్ళే.

నేనుండే ఊరి సంఘంలో ఒక ఉపదేశి ఉండేవాడు. ఆదివారం ఆరాధన నడపడం, పిల్లలకు చదువు చెప్పడం ఆయన పని. పాట ఎత్తుకుంటే గుట్ట మీద గొర్రెలు కాసేవాళ్ళు కూడా ఆగి వినేవారు. మాట్లాడేటప్పుడు మాత్రం ఆ గొంతు ఎక్కడికి పోయేదో! పెద్దల ముందు "అట్లనే" అనడం తప్ప ఇంకో మాట ఆయన నోట నేను వినలేదు.

పెద్దలంటే ముఖ్యంగా ఒక్క పెద్దాయన. ఆ చుట్టుపక్కల మొదట బాప్తిస్మం తీసుకున్న మనిషి. ఆదివారం పూట పనికి రానన్నందుకు దొర కొట్టించి ఊరి బయటికి తోలితే, తిరిగి వచ్చి మళ్ళీ ఆదివారం పనికి రానన్నవాడు. అలాంటి మనిషి మెత్తగా ఎలా ఉంటాడు? ఆయనను నిలబెట్టింది ఆ గట్టిదనమే. దాంతోనే సంఘాన్ని కూడా నిలబెట్టాడు. ఆయన గురించి చులకనగా ఒక్క మాట రాసినా నా చేయి పడిపోవాలి.

సర్కారు అదాలతు ఉండేది గాని, అక్కడ రాతకోతలన్నీ ఉర్దూలో. పైగా వాడలోని వాళ్ళు అదాలతు మెట్లెక్కితే పటేలు ఊరుకోడు. అందుకని పెళ్ళిళ్ళు, తగవులు, విడిపోవడాలు అన్నీ సంఘ పంచాయతీలోనే తేలేవి. అక్కడ ఆడవాళ్ళు కూర్చోవచ్చు, అడిగితే జవాబు చెప్పవచ్చు. అడగకుండా మాట్లాడకూడదు. బోధకురాలికైనా అదే కట్టడి.

ఈ దంపతుల తగవు నేను అక్కడికి రాకముందే తేలింది. అతను పటేలు దగ్గర జీతగాడు. రాత్రిళ్ళు కూడా ఎడ్ల కొట్టంలోనే పడుకోవాలి. బిడ్డకు జ్వరం వచ్చి ఒళ్ళు కాలిపోతుంటే కబురు పంపినా పటేలు వదలలేదు. ఆమె బిడ్డను చంకనేసుకుని ఒక్కతే తల్లిగారి ఊరికి నడిచిపోయింది, మళ్ళీ రాలేదు. పంచాయతీలో పెద్దలు ఎంత నచ్చజెప్పినా ఒకటే మాట అన్నదట: "గాయనకు ఎడ్లున్నయి. పెండ్లామెందుకు?"

కలపడం కుదరక పెద్దలు ఇలా తీర్పు చెప్పారు. బిడ్డ తల్లి దగ్గర పెరగాలి. తండ్రి తన జీతం జొన్నల్లోంచి నెలకు ఒక కుంచం బిడ్డకు ఇవ్వాలి. నెలకొకసారి పాదిరి అయ్యగారు బండి మీద వచ్చి, రొట్టె, రసం పంచి ప్రభువు బల్ల ఆచరించే ఆదివారం, చుట్టు ఊళ్ళ విశ్వాసులందరూ కూడతారు. ఆ రోజు కానుకలతో పాటు ఆ మూటను బల్ల ముందు పెట్టాలి. పెద్దాయన దాన్ని పైకెత్తి, "బిడ్డ భాగం చేరింది" అని అందరూ వినేలా చెప్పాలి. మిగతా సంఘాల వాళ్ళు కూడా ఈ పద్ధతిని మెచ్చుకునేవారు. సాక్షులు కావాలన్నా, దైవభయం కావాలన్నా రెండూ అందులో ఉన్నాయి. ఆరాధన అయ్యాక తండ్రి కాసేపు బిడ్డను ఎత్తుకునేవాడు. తల్లి అటు తిరిగి నిలబడేది. నేను వచ్చిన కొత్తలో చూసింది ఇదే. బాగానే ఉందనుకున్నాను.

ఆ తర్వాత సర్కారు లెవీ వచ్చింది. పండిన గింజలో భాగం సర్కారుకు కొలవాలి. పటేళ్ళు మిగిలింది దాచుకుని, జీతగాళ్ళకు గింజలు సగం, మిగతా సగానికి పైసలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ పైసలు పట్టుకుని కల్వకుర్తి అంగడికి పోతే జొన్నలు దొరకవు, దొరికినా అందవు.

ఒక బల్ల ఆదివారం అతను సగం మూట తెచ్చాడు. పెద్దాయన మూటను చేత్తో తూచి కింద పెట్టేశాడు.

"గిదేంది?"

"సగమే ఉన్నయి పెదబాపు. పటేలు గింతే ఇచ్చిండు."

"బల్ల ముందర ప్రమాణం చేసినవు. కొదువ పడ్డదాన్ని దేవుని ముందర పెట్టరాదు. కుంటి గొర్రెను అర్పిస్తే దేవుడు తీసుకుంటడా? నిండుగ తెచ్చినంక బల్లకు రా. అప్పటిదాక దూరముండు."

అతను సగం మూటతో వెనక్కి పోయాడు. వచ్చే నెల మళ్ళీ సగం మూటతో వచ్చాడు, మళ్ళీ వెనక్కి పంపారు. బల్లకు దూరమైనవాడు మందిరం గడప దాటి రాకూడదు. కాబట్టి మూట లోపలికి రాదు, బిడ్డను ఎత్తుకునే వీలూ లేదు. ఒక కుంచం అందాల్సిన బిడ్డకు అరకుంచమైనా అందడం లేదు, ఎందుకంటే మేం ఆ గింజల్ని అర్పణగా చూశాం. దేవుడంటే తెలియనివాళ్ళు ఇలాంటి తప్పు చేయలేరు. దేవుడి మీద ప్రేమ ఎక్కువై చేసే తప్పు ఇది.

రెండోసారి అతను వెళ్ళిపోతుంటే ఎదురెళ్ళాను.

"ఇప్పుడేం చేస్తవు తమ్మీ?"

"వచ్చే నెల మళ్ల వస్త అక్కా."

"మళ్ళీ వెనక్కి పంపుతారు."

"పంపనీ. నాలెక్కటోళ్ళు బొంబాయి పారిపోలేదా? అడిగెటోళ్ళు లేరు, పెట్టెటోళ్ళు లేరు. నేను పోను. నేను ఇయ్యనంటలేను. నాకు సాధ్యమైనట్టు మార్చుమంటున్న. గింత మాట వినేటోళ్ళు లేరా సంఘంల?"

"సగం ఇస్తే మిగతా సగానికి ఏం చెబుతావు?"

అతను మూటను భుజం మార్చుకున్నాడు. "ఒక మేక ఉన్నది. గొల్లాయన మేకను సగం వంతుకు సాకిన. ఇది నా వంతుకొచ్చింది, మొన్ననే ఈనింది. పాలిస్తది. పంట దాక బిడ్డకు పాలు తాపితే తక్కువ పడ్డ సగం తీరినట్టే గదా?"

నాకు అది న్యాయంగానే తోచింది. అయినా ఒక పక్షం విని తీర్పు చెప్పకూడదని మరునాడే పిల్ల తల్లి ఊరికి నడిచాను. ఆమె కూలికి పోయి అప్పుడే వచ్చింది. బిడ్డ తలుపు దగ్గర కూర్చుని ఉత్త గిన్నెను చెంచాతో కొడుతోంది. మూడేళ్ళ పిల్ల. కాళ్ళు సన్నంగా ఉన్నాయి.

"ఆ సగం మూట నాకిస్తే తెచ్చి నీకిస్తాను. ఎవరికీ చెప్పను" అన్నాను.

"వద్దక్కా."

"ఎందుకొద్దు?"

"నువ్వు చాటుంగ తెస్తవు. రేపు గాయన ఇచ్చిన అంటడు, పెద్దలు ఇయ్యలే అంటరు, నా తోటోళ్ళు 'మొగనితోని లోపల్లోపల కలిసింది' అంటరు. నలుగుర్ల పెట్టిందే తీసుకుంట."

"అయితే తగ్గించడానికి ఒప్పుకుంటావా?"

ఆమె నవ్వింది. మంచి నవ్వు కాదు. "పటేలు జీతం తగ్గించిండు. గాయన మూట తగ్గించిండు. నేను పోయి నా బిడ్డ కడుపును తగ్గుమని చెప్పాల్నా?"

నేను లేచి వచ్చేశాను. దారిలో ప్రార్థిస్తూ నడిచాను. ఎడారిలో బిడ్డను పొద కింద పడుకోబెట్టి, వాడు చావడం చూడలేనని దూరంగా పోయి ఏడ్చిన తల్లి గుర్తొచ్చింది. దేవుడు విన్నది బిడ్డ ఏడుపు అని వాక్యంలో ఉంది. ఎన్నిసార్లు ఆ భాగం చదివి వినిపించానో! ఆ రోజే నాకు వినబడింది.

ఉపదేశి దగ్గరికి పోయాను. పంచాయతీలో ఈ మాట ఎత్తమని అడిగాను. ఆయన చుట్టూ చూశాడు, బడి పిల్లలు కూడా లేరు.

"పెద్దాయన ముందర నేనా? వాక్యం చూపెట్టి కూర్చోబెడతడు."

"మీకూ వాక్యం వచ్చు కదా."

"ఆయన ముందర మర్చిపోత."

"సరే. ఇంకో పని చేయండి. పంచాయతీ ప్రార్థనతో మొదలవుతుంది. 'ప్రార్థన ఎవరు చేస్తరు' అని పెద్దాయన అడిగినప్పుడు నన్ను చూపించండి."

"గంతేనా?"

"అంతే."

అనుమానంగా చూశాడు. "ప్రార్థనే గదా అమ్మా?"

"ప్రార్థనే."

తర్వాతి బల్ల ఆదివారం తెల్లవారే జనం చేరారు. అయ్యగారి బండి వచ్చింది. ఆరాధనకు ముందే మందిరంలో పంచాయతీ కూడింది. తగవులు పెద్దలకు వదిలేసి, బల్ల నడిపించి పోవడం అయ్యగారికి అలవాటు. ఆయన ఓ పక్కగా కూర్చున్నారు. ఆ తండ్రి అన్నట్టుగానే వచ్చాడు. గడప బయట సగం మూట పెట్టుకుని నిలబడ్డాడు. అతను తెచ్చిన మేక బండి చక్రానికి కట్టేసి ఉంది, దాని పిల్ల పక్కనే గంతులేస్తోంది. పిల్ల తల్లి ఆడవాళ్ళ వైపు, గోడకు ఆనుకుని, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మేకనెందుకు తెచ్చిండు?" అన్నాడు పెద్దాయన.

"మందిరం చూస్తదట" అని వెనకనుంచి ఎవరో అన్నారు. మగవాళ్ళు నవ్వారు.

"తీర్పు నాడు గొర్రెలు కుడిదిక్కు, మేకలు ఎడమదిక్కు పోవాలె. వాక్యంల ఉన్నది" అన్నాడు ఇంకొకాయన. ఇంకా నవ్వారు. తండ్రి నవ్వలేదు, కదలలేదు.

పెద్దాయన చేయెత్తాడు. "ప్రార్థన ఎవలు చేస్తరు?"

ఉపదేశి నా వైపు చూపించాడు. చూపించి వెంటనే నేల చూశాడు.

"చెయ్యి బిడ్డా" అన్నాడు పెద్దాయన. అందరూ కళ్ళు మూసుకున్నారు.

నేను మోకాళ్ళూనాను. అడగకుండా పంచాయతీలో మాట్లాడకూడదు, నిజమే. కాని ప్రార్థన చేయమన్న మనిషిని మధ్యలో ఆపే ధైర్యం మా సంఘంలో ఏ మగవాడికీ లేదు. అది నాకు తెలుసు, దేవుడికీ తెలుసు. ఆయనతోనే మాట్లాడాను.

"ప్రభువా, గడప బయట నిలబడ్డ నీ దాసుణ్ణి చూస్తున్నావు. పటేలు అతని జీతంలో గింజలు సగం చేశాడని ఎరుగుదువు. అతను సగం తెస్తే మేము సున్న చేశామని కూడా ఎరుగుదువు. ప్రభువా, ఇక్కడ ఒక తల్లి ఉంది. ఆమెకు సగం చాలదని ఎరుగుదువు. ఆమె బిడ్డ కాళ్ళు చూడు ప్రభువా. మేమందరం కళ్ళు మూసుకున్నాం, నువ్వు చూడు. అతను మేకను తెచ్చాడు. పాలు బిడ్డ తాగితే ఏం నష్టమో మాకు తెలియజెయ్యి. పంట ఇంటికొచ్చినంక నిండు కుంచం పెడతానంటున్నాడు. అది అబద్ధమైతే నువ్వే పట్టుకో. ప్రమాణం మార్చడం తప్పని మా పెద్దలకు భయం. ఆ భయం నీ మీది భక్తే ప్రభువా, దాన్ని తక్కువ చేయను. కాని ప్రమాణం ఎవరి కోసం చేయించామో ఆ బిడ్డ మాట మా నోట పలికించు…"

బయట మేక అరిచింది. ఎవరో దగ్గారు. పెద్దాయన గొంతు సవరించుకోవడం రెండుసార్లు వినబడింది. నేను ఆపలేదు. పటేలు గురించి చెప్పాను, కల్వకుర్తి అంగడి గురించి చెప్పాను, పారిపోయిన తండ్రుల గురించి చెప్పాను. పారిపోని ఒక్కణ్ణి మనమే తరమకుండా కాపాడమని అడిగాను. చెప్పాల్సిందంతా అయ్యాక యేసు నామమున ముగించి ఎదురు చూశాను.

ఆడవాళ్ళ వైపు నుంచి "ఆమేన్" వచ్చింది, గుసగుసగా. మగవాళ్ళ వైపు ఏమీ లేదు. తర్వాత ఉపదేశి, పాట ఎత్తుకునే గొంతుతో, పైకప్పు అదిరేలా "ఆమేన్!" అన్నాడు. ఆయన ముఖం చూస్తే తన గొంతు తానే విని బెదిరినట్టు ఉంది. దాని వెనక మిగతావాళ్ళు అందుకున్నారు.

పెద్దాయన కళ్ళు తెరిచాడు.

"ప్రార్థన చెయ్యుమంటే వకాలతు చేసినవు బిడ్డా."

"దేవుని ముందర చేసిన పెదబాపు. మీ ముందర చేయలేదు."

అయ్యగారు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. నవ్వు దాచుకోవడానికే అని నా అనుమానం. పెద్దాయన మాత్రం నవ్వలేదు. ఆయన పట్టు ఆయనది. "ఆమేన్ అన్నంత మాత్రాన కొదువ నిండుతదా? అర్పణ అర్పణే. సగం చేసి, దానికి మేకను అతికిస్తే దేవుడు ఒప్పుకుంటడా? బిడ్డ తల్లిని అడుగుత. నువ్వు చెప్పు. గీ కొదువ అర్పణ నీకు సమ్మతమా?"

అడిగారు కాబట్టి ఆమె మాట్లాడవచ్చు. బిడ్డను భుజాన వేసుకుని లేచి నిలబడింది.

"నా బిడ్డేమన్న దేవుడా పెదబాపు, అర్పణ పెట్టనీకి? దానికి తిననీకి జొన్న గటుక గావాలె. దేవునికి కొదువ పెట్టకుర్రి, నిండుగనే పెట్టుర్రి. దీని గింజలు దేవుని ముందరెందుకు? బయట అరుగు మీద పెట్టుర్రి. సగమైతే సగం, మిగిలింది నేను అడుగుత, మీరు అడుగుర్రి. పిల్ల తినేది ఆపకుర్రి."

 ఆ పద్ధతి పెట్టిన రోజు నుంచి ఒక్కరికీ తట్టని మాట అది, నాకూ తట్టలేదు. ఎంతో ప్రార్థించిన నేను మేకను బల్ల దగ్గరికి ఎలా తేవాలా అని చూశాను. ఆమె మూటను బల్ల దగ్గరి నుంచి తీసేసింది.

పెద్దాయన బల్ల వైపు చూశాడు. తర్వాత లేచి, చేతికర్ర పట్టుకుని, గడప దాటి బయటికి నడిచాడు. మేమందరం వెంట వెళ్ళాం. సగం మూటను తానే ఎత్తి అరుగు మీద పెట్టాడు.

"బిడ్డ భాగంల సగం చేరింది" అన్నాడు. "సగం బాకీ."

ఇక బేరం మొదలైంది. నాకు ఎంతో ఇష్టమైన జ్ఞాపకం ఆ బేరమే. ఆమె బిడ్డను తీసుకుని వెళ్ళిపోయిన రోజు తర్వాత ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడడం అదే మొదటిసారి.

"మేకను ఎవలు మేపాలె?" అంది ఆమె.

"మీ అవ్వ మేపుతది. ముసలామెకు పొద్దుపోవద్దా?"

"మా అవ్వను నువ్వు జీతానికి పెడుతున్నవా? నీకు పటేలు బుద్ధులు బాగనే వచ్చినయి."

జనం నవ్వారు. ఈసారి అతనూ నవ్వాడు.

"మేక సస్తే?"

"సస్తే మళ్ల జొన్నలే."

"పాలు ఎండిపోతే?"

"దాని పిల్లను కూడ ఇస్త. అమ్ముకో."

"పంట వచ్చినంక?"

"నిండు కుంచం. పటేలు ఇయ్యకపోతే నేనే పోయి గుట్ట కింద చేన్లల్ల కూలికి కోసి తెస్త. ఆదివారం కాదు" అని పెద్దాయన వైపు చూసి చేర్చాడు.

పెద్దాయన కర్రతో అరుగును తట్టి తీర్పు చెప్పాడు. పంట వరకు సగం జొన్నలు, పాలిచ్చే మేక. తర్వాత నిండు కుంచం. బిడ్డ భాగం ఇక మీద అరుగు మీదే చేరాలి. ప్రతి ఏడూ పంటలయ్యాక పంచాయతీ కూర్చుని, పరిస్థితిని బట్టి తగ్గించాలా పెంచాలా చూడాలి. చెప్పేసి నా వైపు తిరిగాడు. "వచ్చే ఏడు ప్రార్థన నేను చేస్త" అన్నాడు.

ఆ రోజు తండ్రి గడప దాటి లోపలికి వచ్చి బల్లలో పాలుపొందాడు. మేక పాలు పిల్లకు పడ్డాయి, కాళ్ళు బలిశాయి. ఆ ఇద్దరూ మళ్ళీ కలవలేదు. కలపాలని నేను ఎన్నోసార్లు ప్రార్థించాను. దేవుడు విన్నాడు, ఒప్పుకోలేదు. సేవలో ఉన్నవాళ్ళు ఆయన కాదన్నదాన్ని కూడా జవాబుగానే పుచ్చుకోవాలి.

మరుసటి ఏడు జొన్నలు ఇళ్ళకు చేరాక పంచాయతీ కూడింది. పెద్దాయన అన్నట్టుగానే తానే ప్రార్థన చేశాడు, పొట్టిగా చేశాడు. ఆ తండ్రి లేచి నిలబడగానే పెద్దలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. లెవీ ఇంకా నడుస్తూనే ఉంది. ఈసారి ఏం తగ్గించమంటాడో అని అందరం అనుకున్నాం, నేను కూడా.

"కుంచం చాలదు పెదబాపు" అన్నాడు. "పోయిన ఏడు పిల్ల చిన్నది. ఇప్పుడు పెరిగింది. దాని తిండి పెరగదా? ఇంకొంత కలిపి రాయుర్రి. నేను ఇస్త."

పెద్దాయన ఆమె వైపు తిరిగాడు. "ఏమంటవు బిడ్డా?"

ఆమె అతని వైపు చూడలేదు. బిడ్డ జుట్టు సర్దుతూ అంది:

"తింటది. నాకు తెల్వదా? గాయన తిండే వచ్చింది దీనికి."